పిన్ని వడ్డన

తాడేపల్లిగూడెంలో నేను పాఠం చెప్పే జూనియర్ కాలేజీలో మొన్న ఒక పిల్ల లేచి నిలబడి, "మేడమ్, వలపక్షం అంటే ఏంటండి?" అని అడిగింది. ఆ రోజు పాఠంలో ఆ మాట లేదు. ఎక్కడ విన్నావమ్మా అంటే, ఇంట్లో వాళ్ల మామ్మ అస్తమానూ అంటుందట. "అర్థం అడిగితే, మీ తెలుగు మేడమ్ గారున్నారుగా, ఆవిణ్ణే అడుగు అందండి" అంది. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు మీద 'పక్షపాతం' అని రాసి, దాని పక్కన 'వివక్ష' అని కూడా రాశాను. ఒకరిని ఒకలా, ఇంకొకరిని ఇంకోలా చూడడం అని చెప్పాను. ఆ పిల్ల రాసుకుని కూర్చుంది.

చెప్పింది తప్పేమీ కాదు. కానీ సాయంత్రం ఏలూరు పాసింజరులో కూర్చున్నాక నా మీద నాకే చిరాకు వేసింది. వివక్ష అనేది పేపర్లో మాట, ధర్నా టెంటుకి కట్టిన బ్యానరు మీద మాట. పక్షపాతం జడ్జీలకీ అంపైర్లకీ సరిపోతుంది. వలపక్షం వాటిలాంటిది కాదు, అది కంచం దగ్గర పుట్టిన మాట. గరిటె ఒకరికి అడుగునుంచి ముంచి వేసి, పక్కవాడికి పైపైన తేల్చి వేస్తే, ఆ పక్కవాడి కడుపులో ఒకటి కలుక్కుమంటుందే, దాని పేరు వలపక్షం. ఆ సంగతి బోర్డు మీద రాయడం నాకు చేతకాలేదు. భీమడోలులో బండి ఆగేసరికి పిన్ని గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటిలెండి, క్లాసులో ఆ మాట వినబడినప్పుడే వచ్చి నా పక్కన నిలబడింది, నేనే అటు తిరగలేదు. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు కాదు, మా నాన్న రెండో భార్య. అమ్మ పోయేనాటికి నేను పలక పట్టుకుని తిరిగే పిల్లని. నాన్న పెదపాడు దగ్గర కొల్లేటి ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరు. పాస్టరు గారు కామవరపుకోట వైపు సంబంధం చూసి పెళ్లి కుదిర్చారు. మెట్ట పిల్ల. జామాయిల్ తోటలూ మొక్కజొన్న చేలూ తెలుసు తప్ప, చేప ఎటునుంచి కోయాలో తెలియదు. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు చేపే. మొదటిసారి కత్తిపీట ముందు కూర్చుని, చేపని రెండు చేతుల్తో పట్టుకుని, "ఇది కదుల్తోందండి" అని నాన్నతో అందట. చచ్చి పూటయిన చేప అది. ఆ కథ చెప్పుకుని మా మామ్మ, అంటే నాన్న తల్లి, చాలా కాలం నవ్వింది.

పిన్ని కాపురానికి వచ్చిన రోజునే మామ్మ వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుంది. నా కంచంలో పిన్ని మొదటిసారి అన్నం పెడుతుంటే ఆవిడ చేతినే చూస్తూ, "చూడమ్మాయ్, ఈ పిల్లకి తల్లి లేదు. రేపు నీకూ పిల్లలు పుడతారు. వలపక్షం చూపించావంటే దేవుడూ ఊరుకోడు, నేనూ ఊరుకోను" అంది. వలపక్షం చూపించడానికి ఇంట్లో ఇంకో పిల్లేదీ? తమ్ముడు పుట్టడానికి ఇంకా రెండేళ్లుంది. నేరం జరగకముందే మామ్మ శిక్ష చదివేసింది. పిన్ని చేతిలో గరిటె అలాగే ఆగిపోయిందని నాకు బాగా గుర్తు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆవిడ భయపడింది ఆ ఒక్క మాటకే.

మా ఊళ్లో సవతి తల్లి ఉన్న పిల్లని వీధంతా కాపలా కాసేది. అది ప్రేమో సరదానో నాకిప్పటికీ అర్థం కాదు. నేను స్కూలునుంచి వస్తుంటే ఎదురింటావిడ అరుగు మీదకి పిలిచి, మెల్లగా తల నిమిరి, "ఏం కూర తిన్నావే పొద్దున? తమ్ముడికేం పెట్టింది మీ పిన్ని?" అని అడిగేది. ఇద్దరికీ ఒకటే అని చెబితే ఆవిడ మొహం వాడిపోయేది. పాపం, ఆవిడకి ఏదో ఒకటి దొరకాలి. ఒక పండక్కి తమ్ముడి చొక్కా గుడ్డ నా గౌను గుడ్డకన్నా మంచిదని పట్టుకుంది. పిన్ని ఆ సాయంత్రమే ఆ చొక్కా విప్పించి, తమ్ముడికి పాతది తొడిగింది. వాడు ఏడ్చాడు. 

అప్పటినుంచి మా ఇద్దరికీ గుడ్డలు ఒకే తానులోంచి వచ్చేవి. గళ్ల గౌను నాకు, గళ్ల చొక్కా వాడికి. కంచాలు కూడా ఒకే రోజు ఏలూరులో కొన్న జత. ఒకరు అల్లరి చేస్తే ఇద్దరికీ తిట్లు. ఇదెక్కడి న్యాయం పిన్నీ అంటే, "న్యాయం సంగతి నాకు తెలీదు, వలపక్షం మాత్రం లేదు" అనేది. చెప్పొద్దూ, ఒక్కోసారి ఆవిడ సమానత్వానికి ఒళ్లు మండేది.

వడ్డన చూడాలి. చేపల పులుసుని గరిటె పెట్టి కలిపితే ముక్క చెదిరిపోతుంది కదా, అందుకని దాకని మసిగుడ్డతో రెండు వైపులా పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పేది. కంచాలు పక్కపక్కన పెట్టి, మమ్మల్ని పిలవకముందే వడ్డించేసేది. వడ్డించి ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకి వంచి, రెండు కంచాల్నీ చూసేది. ఒక మెతుకు ఇటునుంచి అటు వేసి మళ్లీ చూసేది. అప్పుడు పమిటకి చేతులు తుడుచుకుని "రండి" అనేది. తినేముందు ప్రార్థన ఆవిడే చేసేది. నాన్న చేస్తే చాలా పొడుగు, అన్నం చల్లారిపోయేది. పిన్నిది ఒక్కటే మాట. "నా చెయ్యి తిన్నగా ఉండేలా చూడు ప్రభువా." ఆవిడకి చెయ్యి నొప్పేమో అనుకుని నేను చాలా రోజులు గట్టిగా ఆమెన్ అన్నాను.

ఆ చెయ్యి పేరు ఊరంతా పాకింది. క్రిస్మస్‌కి మా చర్చిలో ప్రేమ విందు పెడితే, బంతిలో కోడికూర వడ్డించడానికి పిన్నినే పిలిచేవారు. ఒక ఏడు ముందు వరసలో ఎవరో పెద్దవాళ్లు వచ్చి కూర్చున్నారు, కార్లలో వచ్చినవాళ్లు. సంఘపెద్ద పిన్ని దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఏవండీ టీచరు గారి భార్యగారూ, ఆ ముందు వరసకి కాస్త చూసి వెయ్యండి" అన్నాడు. పిన్ని బేసిన్ చంకన అలాగే పట్టుకుని, "చూసే వేస్తున్నానండీ. ఆ చివరి విస్తరికి ఎంత వస్తుందో చూసి, ఈ ముందు విస్తరికి అంతే వేస్తున్నాను" అంది. మర్యాద ఎక్కడా తప్పలేదు, అండీలకి లోటు లేదు.  మారు వడ్డనకి ఆవిడ చివరినుంచి మొదలుపెట్టి ముందుకి వచ్చింది. కార్ల వాళ్లలో ఒకాయన అది గమనించి రెండోసారి అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాడు.

ఆవిడకి లోకంలో చెడంతా ఆ ఒక్క మాటలోకే వచ్చేది. మా ఊరి దగ్గర ఆపకుండా వెళ్లిపోయిన బస్సుది వలపక్షం. కొల్లేట్లో కురిసి కామవరపుకోటలో కురవని వానది వలపక్షం. పుట్టింటినుంచి కబురొచ్చి చేలు ఎండిపోతున్నాయని తెలిస్తే, చూరు నీళ్లు చూస్తూ, "దీనికీ మనవాళ్లూ పరాయివాళ్లూ ఉన్నారు కాబోలు" అనేది. నాకు పరీక్షలో మార్కులు తగ్గితే మాత్రం ఆ మాట వాడనిచ్చేది కాదు. "నువ్వు చదవలేదు, అది వలపక్షం ఎలా అవుతుంది?" అని కసిరేది. దొరికిన ప్రతి కష్టానికీ ఆ పేరు పెట్టుకుంటే నిజంగా జరిగిన రోజు వినేవాడుండడని ఆవిడ నమ్మకం. బోర్డు మీద నేను రాసిన దానికన్నా ఇది మెరుగైన పాఠం.

అన్నం సమంగా పెట్టొచ్చు. చేపని సమంగా కొయ్యలేం. ఒక తల, ఒక తోక. మాది టీచరు జీతం, అందులో వచ్చేది చిన్న శీలావతి. తల నాన్నకి. నడిమి ముక్కలు రెండే మంచివి వచ్చేవి, ఒకటి పళ్లు లేని మామ్మకి, ఒకటి నాకు. తోక ముక్క తమ్ముడికి. పిన్ని పులుసు పోసుకుని తినేసేది. తోక ముక్కని కావాలని పొడుగ్గా కోసేది, కంచాల్లో చూస్తే నా ముక్కా వాడి ముక్కా ఒక్కలాగే కనబడేవి. కానీ నా ముక్కలో పెద్ద ముల్లు తీసేస్తే అయిపోయింది. తోకలో అన్నీ సన్న ముళ్లు. అందుకని నా కంచం నాకిచ్చేసి, పిన్ని వాడి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, వేళ్లతో ముక్కని విడదీసి, ఒక్కొక్క ముల్లూ ఏరి, కంచం అంచున వరసగా పెట్టేది. వాడు పెద్ద క్లాసులకి వచ్చినా అంతే. వాడు ఏవో కబుర్లు చెప్పేవాడు, ఆవిడ ఊ కొట్టేది.

నాకు ఆ ముళ్లంటే ఎంత అసూయో చెప్పలేను. ఒకసారి అడిగేశాను. "పిన్నీ, నాకూ ఏరవా?" ఆవిడ తలెత్తి నా కంచంలోకి చూసి, "నీ ముక్కలో ముళ్లెక్కడివే, పెద్దపిల్లవి" అంది. నిజమే, లేవు. నేను నా మెత్తటి ముక్క నేనే తినేశాను. ఆ రోజు మా అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అమ్మ మొహం కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు, అయినా వచ్చింది.

కాలం గడిచింది. మామ్మ పోయింది, నాన్న పోయాడు. నేను ఉద్యోగం వచ్చి ఏలూరులో స్థిరపడ్డాను. తమ్ముడు పెదపాడులో చెరువులు లీజుకి తీసుకుని చేపలు పెంచుతున్నాడు. చిన్నప్పటి కబుర్లన్నీ ఎటు పోయాయో, పెద్దయ్యాక మాటలు తక్కువ మనిషి అయ్యాడు. పిన్ని ఒక నెల నా దగ్గర, ఒక నెల వాడి దగ్గర. నెల తిరిగేసరికి సంచి సర్దేసేది, పండగైనా జ్వరమైనా ఆగేది కాదు. ఆ సంచిలో మా చిన్నప్పటి కంచాలు రెండూ ఉండేవి. ఇక్కడే ఉంచెయ్యొచ్చుగా పిన్నీ అంటే, "నీ దగ్గర ఉంచితే వాడేమనుకుంటాడు? వాడి దగ్గర ఉంచితే నువ్వేమనుకుంటావు?" అనేది. మేమిద్దరం ఏమీ అనుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

చివరి ఏడు గుండె బలహీనపడింది. ఆస్పత్రికి దగ్గరగా ఉండాలని డాక్టరు అన్నారు కాబట్టి ఏలూరులోనే ఉండిపోవాల్సి వచ్చింది. నెల దాటినకొద్దీ ఆవిడ మంచం మీద అటూ ఇటూ దొర్లేది. తమ్ముడు రోజూ వచ్చేవాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, మంచం పక్కన కాసేపు కూర్చుని, మందులు చూసి, చీకటిపడకముందే చెరువుల మీదకి వెళ్లిపోయేవాడు. వాడు వెళ్లాక ఒకరోజు పిన్ని నన్ను పిలిచింది.

"వాడు నాతో ఎందుకు మాట్లాడడో తెలుసా నీకు?"

"వాడెవరితో మాట్లాడతాడు పిన్నీ? వాళ్లావిడతోనే మాట్లాడడు" అన్నాను.

"కాదే. వాడికి వలపక్షం చూపించాను నేను. నా చేత్తోనే చూపించాను." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "నీకు తక్కువైతే మీ మామ్మ అడిగేది, వీధి అడిగేది. వాడికి తక్కువైతే అడిగే దిక్కు లేదు, కన్నతల్లినే కదా అని. ముళ్ల ముక్క ఎప్పుడూ వాడికే వేశాను. మంచి చొక్కా వేసుకుంటే విప్పేశాను. నా పేరు నిలబెట్టుకోవడానికి వాడి నోటి దగ్గరది తీసేశానే. వాడికన్నీ తెలుసు. నోరు విప్పి అడగడు."

 నేను తిన్న నడిమి ముక్కలన్నీ ఎవరివో అప్పుడు తెలిసింది. అలా అనుకోకు పిన్నీ అని ఏదో చెప్పబోయాను. ఆవిడ వినలేదు. "ఒక్కసారి వాడికి నడిమి ముక్క వెయ్యాలి. నేనే వెయ్యాలి. రేపు చేప తెమ్మని చెప్పు. చిన్నది తెమ్మను" అంది.

ఫోన్లో చెబితే తమ్ముడు నవ్వాడు. "చిన్నదెందుకక్కా, మన చెరువులో మంచివి ఉన్నాయి కదా." కాదురా, మనం చిన్నప్పుడు తిన్నంతది తెమ్మంటోంది అన్నాను. సరే తెస్తాలే అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం శీలావతి తెచ్చాడు. నేను కోసి వండాను. ఆవిడ పట్టుబట్టి మంచం దిగి వంటింట్లోకి వచ్చింది. టేబుల్ దగ్గర కుర్చీలో కూర్చో పిన్నీ అంటే, "కింద కూర్చుంటేనే నా చెయ్యి తిన్నగా ఉంటుంది" అంది. చాప వేశాను. సంచిలోంచి కంచాలు తీయించి పక్కపక్కన పెట్టించింది. దాక నేను తిప్పాను, గరిటె ఆవిడ తీసుకుంది.  తమ్ముడూ నేనూ ఎదురుగా కూర్చున్నాం. వాడి మీసంలో తెల్లవెంట్రుకలు చూస్తూ, నడిమి ముక్క వాడి కంచంలో పడితే చాలు దేవుడా అనుకున్నాను. పిన్ని ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, ఎప్పటి మాటే అంది. నేను ఆమెన్ అన్నాను.

గరిటె దాకలోకి వెళ్లింది. ముక్క పులుసోడుతూ పైకి వచ్చింది, నా కంచంలో పడింది. నడిమి ముక్క. రెండోసారి వెళ్లింది, తోక ముక్క తెచ్చింది, తమ్ముడి కంచంలో మెల్లగా దించింది. అలవాటుగా కొంచెం వెనక్కి వాలి, తల పక్కకి వంచి, రెండు కంచాల్నీ చూసింది. అప్పుడు తెలిసింది ఆవిడకి.

"చూశావా నా చెయ్యి" అంది నాతో. కళ్లనిండా నీళ్లు. నేను గబుక్కున కంచాలు మార్చబోయాను. తమ్ముడు తన కంచం అంచు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఉండనీ అక్కా" అన్నాడు. తర్వాత ఆ కంచాన్ని చాప మీద మెల్లగా తల్లి ముందుకి తోశాడు. "ముళ్లు ఏరమ్మా."

"నాకు కళ్లు కనబడట్లేదురా."

"నీ చేతికి తెలుసులే."

పిన్ని కాసేపు వాడి మొహంలోకి చూసి, వేళ్లు కంచంలో పెట్టింది. ముక్కని విడదీసింది. ఒక ముల్లు తీసి అంచున పెట్టింది, దాని పక్కన ఇంకొకటి. వాడు అక్కడికే జరిగి కూర్చుని, చెరువు గట్టు తెగిన సంగతీ, కొత్తగా పెట్టిన కాపలావాడి నిద్ర సంగతీ చెప్పడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లలో వాడు అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. పిన్ని ఊ కొడుతూ ఏరుతోంది. వాడికి ఏ కోపమూ లేదని, ఎప్పుడూ లేదని, నాకు అప్పుడర్థమైంది. ఆవిడకీ అర్థమయ్యే ఉంటుంది, భుజాలు కిందికి దిగాయి. నేను నా కంచం ముందు ఊరికే కూర్చున్నాను.

తను తినడం అయిపోవస్తుండగా వాడు నా వంక చూడకుండానే అన్నాడు. "చిన్నప్పుడు నిన్ను చూస్తే జాలేసేదక్కా. నీ కంచం నీ ముందు పెట్టేసి అమ్మ నా దగ్గరికొచ్చి కూర్చునేది. ముళ్లు నా ముక్కలో ఉండబట్టే అని ఇప్పుడు తెలుసు కానీ, అప్పుడు నీకే వలపక్షం చూపిస్తోందనుకునేవాణ్ణి."

పిన్ని వేళ్లు ఆగిపోయాయి. మెల్లగా తల నా వైపు తిప్పింది. నాకూ ఏరవా అని ఏళ్ల కిందట నేనడిగింది ఆవిడకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు.  అప్పుడు ఎడమ చెయ్యి చాచి నా కంచం అంచు పట్టుకుని తన దగ్గరికి లాక్కుంది.

"నా ముక్కలో ముళ్లెక్కడివి పిన్నీ" అన్నాను. పెద్ద ముల్లు నేను అప్పటికే తీసేశాను.

"ఉంటాయే. చూడనీ" అంది.

నడిమి ముక్కని పొరలు పొరలుగా విడదీసింది. వేళ్లతో తడిమి, లేదనుకుని, ఇంకో పొర తీసింది. ఒక్క ముల్లూ దొరకలేదు. అయినా ఆపలేదు. అన్నం చల్లారిపోతున్నా ఆవిడ వెతుకుతూనే ఉంది, నేను చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.